మోకాలు, భుజం దెబ్బలు, ఆపరేషన్లు: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

ఫిజియోథెరపిస్టుగా నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రెండు రకాలు. ఆటలోనో, బండి మీద నుంచి పడో మోకాలికి దెబ్బ తగిలినవాళ్లు ఒకరు. భుజం జారినవాళ్లు, చెయ్యి పైకి లేవనివాళ్లు ఇంకొకరు. ఊళ్లు వేరైనా, వయసులు వేరైనా అడిగే సందేహాలు మాత్రం అవే. ఫోన్లో రోజూ చెబుతున్న జవాబులన్నీ ఒకచోట రాసి పెడితే అర్ధరాత్రి టెన్షన్ పడేవాళ్లకైనా పనికొస్తాయని ఇది రాశాను. మీ ప్రశ్న ఎక్కడ కనిపిస్తే అక్కడి నుంచే చదవండి. మీ కాలినీ చేతినీ పట్టుకుని చూసిన డాక్టరు చెప్పింది దీనికి భిన్నంగా ఉంటే ఆయన మాటే వినండి.

## దెబ్బ తగిలిన మొదటి రోజులు

కబడ్డీ ఆడుతుంటే మోకాల్లో 'టప్'మంది. గంటలో ఉబ్బిపోయింది. ఏమై ఉంటుంది?

కాలు నేల మీద ఆనించి ఒళ్లు ఒక్కసారిగా తిప్పినప్పుడు శబ్దం వచ్చి, గంటా రెండు గంటల్లోనే మోకాలు బూరెలా ఉబ్బితే ముందు అనుమానించాల్సింది ఏసీఎల్. తొడ ఎముకనీ కింది ఎముకనీ మోకాలి మధ్యలో ఏటవాలుగా కట్టి ఉంచే లిగమెంట్ అది. తెగితే లోపల రక్తం కారుతుంది, అందుకే అంత త్వరగా వాపు. మర్నాటికి మెల్లగా వాచి, మెట్లు దిగేటప్పుడో గొంతుక్కూర్చున్నప్పుడో ఒక పక్కన పొడిచినట్టుంటే మెనిస్కస్ (మోకాల్లో రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే పొర) చిరిగి ఉండొచ్చు. రెండూ కలిసి రావడమూ మామూలే. నాలుగు రోజులకు నొప్పి తగ్గి నడవగలుగుతారు కాబట్టి చాలామంది బెణికిందిలే అని వదిలేస్తారు. నెల తర్వాత మళ్లీ కోర్టులో దిగి, తిరిగి పడి, ఒక్క లిగమెంట్‌తో పోయేదానికి మెనిస్కస్ కూడా పోగొట్టుకుంటారు. నొప్పి తగ్గినా ఒకసారి చూపించుకోండి.

ఐసు పెట్టాలా, వేడి కాపడమా?

మొదటి రెండు మూడు రోజులు ఐసే. గుడ్డలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు, రోజుకు నాలుగైదుసార్లు. ఐసు ముక్క నేరుగా చర్మం మీద వద్దు, కాలుతుంది. కాలు ఎత్తులో పెట్టండి, క్రేప్ బ్యాండేజీ మరీ బిగించకుండా చుట్టండి. ఆ రోజుల్లో వేడి కాపడం, నూనె మర్దనా చేస్తే వాపు పెరుగుతుంది.

పుత్తూరు కట్టు కట్టిస్తే సరిపోదా? మా ఊళ్లో అందరూ అదే అంటున్నారు.

ఈ ప్రశ్న అడిగేవాళ్లను నేనెప్పుడూ కసరను. తరాలుగా ఉన్న నమ్మకం అది, ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు. కానీ ఒక్క విషయం అర్థం చేసుకోండి. కట్టు చేసే పని కదలకుండా ఉంచడం. విరిగిన ఎముక స్థానంలో ఉంటే, కదలకుండా ఉంచినప్పుడు దానికదే అతుక్కుంటుంది. మోకాలి లోపల మధ్యలో తెగిన లిగమెంట్‌కు బయట కట్టే కట్టు ఏమీ చేయలేదు. పైగా నెలన్నర కదలకుండా ఉంచితే తొడ కండ చిక్కిపోతుంది, కీలు బిగుసుకుపోతుంది. ఆ బిగుతు వదిలించడానికే మాకు రెండు నెలలు పడుతుంది. కట్టు కట్టించే ముందు కనీసం ఒక ఎక్స్‌రే తీయించి, ఎముకల డాక్టరు చేత పరీక్ష చేయించండి.

భుజం జారిపోయింది. పక్కనున్నవాళ్లు లాగి పెట్టేస్తామంటున్నారు.

వద్దు. భుజం గూడ జారినప్పుడు దానితోపాటు ఎముక అంచు విరిగి ఉండొచ్చు, చంక దగ్గర నుంచి పోయే నరం నలిగి ఉండొచ్చు. తెలియకుండా లాగితే చిన్న దెబ్బ పెద్దదవుతుంది. చేతిని ఒంటికి ఆనించి, తువ్వాలుతో మెడకు కట్టి ఆస్పత్రికి తీసుకెళ్లండి. అక్కడ ఎక్స్‌రే తీసి, నొప్పి తెలియకుండా మందిచ్చి నెమ్మదిగా కూర్చోబెడతారు. ఎంత త్వరగా వెళ్తే అంత తేలిక. దారిలో ఏమీ తినిపించకండి, మత్తు ఇవ్వాల్సి రావొచ్చు.

ఇంకో మాట. కరెంటు షాక్ తగిలాకో, మూర్ఛ వచ్చాకో భుజం నొప్పి అంటే వెనక్కి జారి ఉండే అవకాశం ఉంది. మామూలు ఎక్స్‌రేలో ఇది కనబడకుండా పోతుంటుంది. జరిగింది డాక్టరుకు విడమరచి చెప్పండి.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. మరి ఈ నొప్పెందుకు?

ఎక్స్‌రేలో కనిపించేది ఎముక. లిగమెంట్, మెనిస్కస్, భుజం కండరాలు అందులో కనబడవు. "ఏమీ లేదు" అంటే ఎముక విరగలేదని మాత్రమే. అలాగని మర్నాడే ఎంఆర్‌ఐకి పరుగెత్తనక్కర్లేదు. అనుభవమున్న డాక్టరు మోకాలిని కొద్దిగా వంచి, కింది ఎముకను ముందుకు లాగి చూస్తే ఏసీఎల్ సంగతి చాలావరకు చేతికే తెలుస్తుంది. వాపు మరీ ఎక్కువగా ఉంటే వారం పది రోజులు ఆగి మళ్లీ చూస్తారు.

అర్ధరాత్రయినా సరే వెంటనే వెళ్లాల్సిన సందర్భాలు ఏవి?

బండి ప్రమాదంలో మోకాలు వంకర తిరిగి పాదం చల్లబడినా, తెల్లబోయినా, తిమ్మిరెక్కినా ఒక్క నిమిషం ఆగొద్దు. మోకాలి వెనక పోయే పెద్ద రక్తనాళం దెబ్బతిని ఉండొచ్చు. ఆరు గంటలు దాటితే కాలే పోయే ప్రమాదం ఉంది. గాయంలోంచి కీలు లోపలికి దారి పడినా, మోకాలు ఎర్రబడి వేడెక్కి జ్వరం వచ్చినా, భుజం జారి చేతివేళ్లకు స్పర్శ తెలియకపోయినా అదే తొందర.

## ఆపరేషన్ కావాలా, వద్దా?

నరం తెగిందన్నారు. అది దానికదే అతుక్కోదా?

ముందు మాట సరిచేద్దాం. మనవాళ్లు లిగమెంట్‌ను కూడా నరం అంటారు, అది విని కాలు పడిపోతుందేమోనని హడలిపోతారు. లిగమెంట్ నరం కాదు. ఎముకకూ ఎముకకూ మధ్య ఉండే గట్టి తాడు. మోకాలికి లోపలి పక్కనుండే ఎంసీఎల్ చాలాసార్లు బ్రేస్ (మోకాలిని పట్టి ఉంచే పట్టీ) వేసుకుంటే ఆరు నుంచి పన్నెండు వారాల్లో అతుక్కుంటుంది. ఏసీఎల్ కీలు నీటిలో మునిగి ఉంటుంది కాబట్టి తెగిన కొసల మధ్య రక్తం గడ్డకట్టి నిలవదు. కొందరిలో అతుక్కున్న దాఖలాలు ఉన్నా దాని మీదే ఆశ పెట్టుకోలేం.

ఎంఆర్‌ఐలో ఏసీఎల్ పూర్తిగా తెగిందని రాశారు. ఆపరేషన్ తప్పదా?

తప్పదని రిపోర్టు ఒక్కటే చెప్పలేదు. స్వీడన్‌లో ఏసీఎల్ తెగిన 121 మంది యువకులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు వెంటనే ఆపరేషన్. రెండో గుంపులోని 59 మందికి ముందు వ్యాయామం, కావాలంటేనే తర్వాత ఆపరేషన్. 2010లో మొదటి ఫలితాలు వచ్చాయి. అయిదేళ్లు గడిచేసరికి రెండో గుంపులో 30 మంది ఆపరేషన్ చేయించుకున్నారు, 29 మందికి అవసరం పడలేదు. రెండు గుంపుల మోకాళ్లూ దాదాపు ఒకేలా ఉన్నాయి.

కాబట్టి నేను అడిగేది రిపోర్టును కాదు, మనిషిని. నడుస్తుంటే, మలుపు తిరుగుతుంటే మోకాలు జారిపోతోందా? కబడ్డీ, ఫుట్‌బాల్, బ్యాడ్మింటన్ లాంటి మలుపుల ఆటలకు తిరిగి వెళ్లాలా? బస్తాలు మోసే పని, గట్ల మీద నడిచే పని, పోలీసు ఉద్యోగం లాంటివా? వీటిలో ఒక్కదానికైనా అవునంటే ఆపరేషన్ వైపు మొగ్గుతాను. ఆఫీసు పని, నడక, ఈత చాలనుకుని, మోకాలు జారనివాళ్లయితే మూడు నెలలు గట్టిగా వ్యాయామం చేసి చూడమంటాను. మధ్యలో రెండుసార్లు మోకాలు జారిందంటే మాత్రం ఇక సాగదీయొద్దు. జారిన ప్రతిసారీ మెనిస్కస్ నలుగుతుంది.

అమ్మకు 55 ఏళ్లు. మెనిస్కస్ చిరిగింది, దూర్బీనుతో (చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి) కత్తిరిస్తామంటున్నారు. చేయించాలా?

దెబ్బ తగలకుండా, వయసుతో మెల్లగా చిరిగిందయితే తొందరపడకండి. ఫిన్లాండ్‌లో ఇలాంటి 146 మందిని తీసుకుని, సగంమందికి నిజంగా కత్తిరించి, మిగతావాళ్లకు కోతలు పెట్టి లోపల ఏమీ చేయకుండా కుట్లేశారు. ఏడాది తర్వాత చూస్తే నొప్పి విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈ ఫలితం 2013లో అచ్చయింది. యాభై దాటినవాళ్ల ఎంఆర్‌ఐలో చిరుగు కనిపించడం నెరిసిన వెంట్రుక కనిపించినంత మామూలు. తొడ కండ బలపరచడం, బరువు కొంత తగ్గడం, నొప్పికి మందు, వీటితో మూడు నెలలు చూడండి.

దీనికి మినహాయింపు ఒకటుంది. చిరిగిన ముక్క ఎముకల మధ్య ఇరుక్కుని కాలు చాపలేకపోతే ఆపరేషన్ వాయిదా వేయకూడదు. కుర్రవాళ్లకు ఆటలో చిరిగితే కూడా లెక్క వేరు. రక్తం అందే బయటి అంచులో చిరిగితే కత్తిరించకుండా కుట్టడానికి వీలుంటుంది. కుట్టే అవకాశం ఉందా అని డాక్టరును తప్పకుండా అడగండి. మెనిస్కస్ ఎంత మిగిలితే ముసలితనంలో మోకాలికి అంత మేలు.

చెయ్యి పైకి లేవట్లేదు, షుగరు కూడా ఉంది. కండరం తెగిందా, భుజం పట్టేసిందా?

ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేయండి. మంచం మీద పడుకుని, ఆ చేతిని ఇంకొకరి చేత ఎత్తించండి. ఇంకొకరు ఎత్తినా లేవకపోతే, మోచెయ్యి ఒంటికి ఆనించి ముంజేతిని బయటికి తిప్పడం కూడా రాకపోతే భుజం పట్టేసింది, అంటే ఫ్రోజెన్ షోల్డర్ అనుకోవచ్చు. ఎవరైనా ఎత్తితే లేచి, తనంతట తాను ఎత్తలేకపోతే రొటేటర్ కఫ్ (భుజం కీలును చుట్టి పట్టుకునే కండరాల గుంపు) తెగి ఉండొచ్చు.

ఫ్రోజెన్ షోల్డర్ షుగరు ఉన్నవాళ్లకు ఎక్కువ. మొదట విపరీతమైన నొప్పి, తర్వాత బిగుతు, చివరికి వదులు. అన్నీ కలిపి ఏడాది నుంచి మూడేళ్లు. నొప్పి దశలో కీల్లోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చాలామందికి మేలు చేస్తుంది, కానీ కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది, రోజూ చూసుకోవాలి. ఆపరేషన్ దాకా వెళ్లేవాళ్లు తక్కువ. కఫ్ విషయంలో, పడిన వెంటనే చెయ్యి లేవడం ఆగిపోతే త్వరగా కుట్టించుకోవడమే మంచిది. ఆలస్యమైతే తెగిన కొస వెనక్కి పోయి, కండ కొవ్వుగా మారిపోతుంది, తర్వాత కుట్టినా నిలవదు.

మా అబ్బాయికి 19. భుజం మూడోసారి జారింది. కట్టుతో మానదా?

మానదు. ఇరవై లోపు ఒకసారి జారిన భుజం మళ్లీ జారే అవకాశం చాలా ఎక్కువ. భుజం గూడు లోతు తక్కువ, దాని అంచున ఉండే మెత్తటి గట్టు ఊడిపోతుంది. దీన్నే బ్యాంకార్ట్ లీజన్ అంటారు. 1923లో ఈ సంగతి రాసిన బ్రిటిష్ సర్జన్ పేరు అది. ఊడిన గట్టును చిన్న యాంకర్లతో (ఎముకలో దిగే, దారమున్న చిన్న మేకులు) తిరిగి కుట్టడం ఒక పద్ధతి. ఎన్నోసార్లు జారి గూడు ఎముకే అరిగిపోతే పక్కనున్న ఎముక ముక్కను తెచ్చి అక్కడ స్క్రూలతో బిగిస్తారు, దాన్ని లాటార్జే అంటారు. రెండింట్లో ఏది అన్నది సీటీ స్కాన్‌లో ఎముక ఎంత అరిగిందో చూసి తేలుస్తారు. జారిన ప్రతిసారీ ఎముక ఇంకాస్త అరుగుతుంది, కాబట్టి నాలుగోసారి కోసం ఎదురుచూడొద్దు.

## ఆపరేషన్ గురించి

కీహోల్ ఆపరేషన్‌లో అసలు ఏం చేస్తారు?

పెన్సిలు పట్టేంత రెండు మూడు రంధ్రాలు పెడతారు. ఒకదాంట్లోంచి సుమారు 4 మిల్లీమీటర్ల కెమెరా గొట్టం, ఇంకోదాంట్లోంచి పనిముట్లు. సెలైన్‌తో కీలును ఉబ్బించి, టీవీ తెర మీద చూస్తూ పని చేస్తారు. 1918లో టోక్యోలో కెంజి టకాగి అనే డాక్టరు మూత్రాశయం చూసే గొట్టంతో మోకాలి లోపలికి తొంగిచూశారు. 1962లో ఆయన శిష్యుడు మసాకి వతనబే ఆ దారినే చిరిగిన మెనిస్కస్ తొలగించారు. కోత చిన్నది కాబట్టి లోపల చేసిన పని కూడా చిన్నదే అనుకోవద్దు. చర్మం పది పన్నెండు రోజుల్లో మానుతుంది, లోపలి కణజాలానికి నెలలు పడుతుంది.

కొత్త లిగమెంట్ ఎక్కడి నుంచి తెస్తారు? తీసినచోట బలం పోదా?

మీ ఒంట్లోంచే. తొడ వెనకనుండే హామ్‌స్ట్రింగ్ కండరాల తాళ్లు, మోకాలి చిప్ప కింది పట్టీ, చిప్ప పైనుండే క్వాడ్రిసెప్స్ పట్టీ, కొన్నిచోట్ల చీలమండ పక్కనుండే పెరోనియస్ తాడు, వీటిలో ఒకటి వాడతారు. హామ్‌స్ట్రింగ్ తీస్తే తొడ వెనక బలం కొంత తగ్గుతుంది, వ్యాయామంతో చాలావరకు వస్తుంది. చిప్ప కింది పట్టీ తీస్తే మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు ముందు భాగం నొప్పి పెట్టొచ్చు. నమాజు చేసేవాళ్లు, టైల్స్ వేసే పనివాళ్లు ఈ మాట ముందే డాక్టరుకు చెప్పాలి.

మత్తు పూర్తిగా ఇస్తారా?

మోకాలికి ఎక్కువగా వెన్నుకు ఇంజెక్షన్ ఇస్తారు, నడుం కింది భాగమే మొద్దుబారుతుంది. భుజానికి చాలాచోట్ల పూర్తి మత్తుతోపాటు మెడ దగ్గర నరాలకు కూడా మందు ఇస్తారు. ఆ చెయ్యి సగం రోజో, ఒక్కోసారి రోజంతానో మొద్దుగా ఉంటుంది, భయపడకండి. గట్టి ఆహారం ఆరు గంటల ముందు ఆపేయాలి. రోజూ వేసుకునే మాత్రలు, ముఖ్యంగా రక్తం పలచబరిచేవీ షుగరువీ, ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి.

ఖర్చు ఎంతవుతుంది? ఆరోగ్యశ్రీ వర్తిస్తుందా?

అంకె చెప్పడం న్యాయం కాదు, ఊరిని బట్టీ వాడే స్క్రూలు, యాంకర్లను బట్టీ మారిపోతుంది. అంచనా కాగితం మీద అడగండి, అందులో ఇంప్లాంట్ల ధర విడిగా రాయించండి. కేంద్రం 2017 ఆగస్టులో గరిష్ఠ ధర కట్టింది మోకీలు మార్పిడి పరికరాలకు, లిగమెంట్ స్క్రూలకు కాదు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద మీ ఆపరేషన్ వస్తుందో లేదో నెట్‌వర్క్ ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగితే తేలుతుంది. ఫిజియోథెరపీ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి, చాలామంది దాన్ని మరిచిపోతారు.

## మొదటి ఆరు వారాలు

మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగా ఉంది. పెట్టుకోవచ్చా?

దయచేసి వద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే చదవాలంటే ఇదే చదవండి.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు వాలీబాల్ ఆడుతూ ఏసీఎల్ తెగింది. ఆపరేషన్ బాగానే చేశారు. ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీ ఇచ్చారు గానీ కాలు పూర్తిగా చాపాలని ఎవరూ చెప్పలేదు. మా అమ్మ ప్రేమగా మోకాలి కింద దిండు పెట్టేది. కొద్దిగా వంచి ఉంచితే నొప్పి తక్కువ, నిద్ర పట్టేది. మూడు నెలలయ్యేసరికి మోకాలు పూర్తిగా చాపుకోవడం లేదు. ఆ కొద్ది వంకరతోనే కుంటుతూ నడిచాను, తొడ కండ పెరగలేదు, దాన్ని సరిచేయడానికి ఇంకో అయిదు నెలలు ఏడ్చాను. నేను ఈ వృత్తిలోకి వచ్చింది ఆ దిండు వల్లే.

వంగడం ఆలస్యమైనా తర్వాత తెచ్చుకోవచ్చు. చాపడం మొదటి రెండు మూడు వారాల్లో రాకపోతే లోపల మచ్చ కట్టి అడ్డుపడుతుంది. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టండి, మోకాలు గాల్లో ఉండి దాని బరువుకే కిందికి దిగాలి. పది నిమిషాలు, రోజుకు అయిదారుసార్లు. తొడ కండ బిగించి మోకాలిని మంచానికి నొక్కండి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలండి. అమ్మలకు, అత్తలకు నేను ఇదే విడిగా కూర్చోబెట్టి చెబుతాను.

పత్యం చేయాలా? వంకాయ, పప్పు, గుడ్డు తింటే చీము పడుతుందంటున్నారు.

పడదు. చీము పట్టేది క్రిముల వల్ల, కూరగాయల వల్ల కాదు. కుట్లు మానడానికీ, చిక్కిన కండ పెరగడానికీ మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, చేపలు, సెనగలు, ఏది అలవాటయితే అది బాగా తినండి. కారప్పొడి, చారన్నంతో నెల రోజులు గడిపినవాళ్ల తొడ పట్టుకుంటేనే నాకు తెలిసిపోతుంది. షుగరు ఉంటే అదుపులో పెట్టుకోండి, సిగరెట్, బీడీ మానండి. ఈ రెండే అసలైన పత్యం.

భుజానికి ఆపరేషన్ అయింది. స్లింగ్ (చేతిని మెడకు వేలాడదీసే పట్టీ) ఎన్నాళ్లు? స్నానం ఎలా?

కఫ్ కుట్టినా, గట్టు కుట్టినా సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు, రాత్రి నిద్రలో కూడా. పడుకోవడం మొదట్లో కష్టం. వెనక దిండ్లు పేర్చుకుని ఏటవాలుగా, మోచెయ్యి కింద చిన్న దిండుతో పడుకుంటే నయం. చొక్కాకు ఆపరేషనైన చెయ్యి ముందు తొడగాలి, విప్పేటప్పుడు చివర విప్పాలి. కుట్లు తీసేదాకా తడి తగలకూడదు. తర్వాత స్నానానికి స్లింగ్ తీసి, ముందుకు కొద్దిగా వంగితే చెయ్యి దానికదే వేలాడుతుంది, చంక శుభ్రం చేసుకోవచ్చు. వేళ్లు, మణికట్టు, మోచెయ్యి మొదటి రోజు నుంచే కదపాలి. చెంబు ఎత్తడం, తలుపు లాగడం, కుర్చీ చేతి మీద ఆనుకుని లేవడం మాత్రం వద్దు.

ఏం కనిపిస్తే భయపడాలి?

మోకాలి చుట్టూ కొంత వాపు, పిక్క మీదికి దిగిన నీలం మచ్చ, కోత పక్కన మొద్దుబారడం మామూలే. పిక్క గట్టిపడి నొక్కితే భరించలేని నొప్పి వస్తే కాలిలో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, ఆ రోజే వెళ్లండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేయండి. చలి జ్వరం, కోతలోంచి రసి, రోజురోజుకూ తగ్గాల్సిన నొప్పి పెరగడం, ఇవి క్రిముల లక్షణాలు. ఫోన్లో ఫొటో పంపి ఊరుకోకుండా వెళ్లి చూపించుకోండి.

## తర్వాతి నెలలు

బైకు ఎప్పుడు నడపొచ్చు?

కారయితే నొప్పి మాత్రలు మానేసి, గట్టిగా బ్రేకు తొక్కగలిగాక. కుడి మోకాలి ఏసీఎల్ అయితే సుమారు ఆరు వారాలు. బైకు సంగతి వేరు. సిగ్నల్ దగ్గర బండి ఒరిగితే ఆ బరువంతా ఆపేది ఈ కాలే. అందుకే మూడు నెలలు ఆగమంటాను. భుజానికైతే రెండు చేతులతో హ్యాండిల్ గట్టిగా పట్టుకుని గుంతలో కుదుపు తట్టుకోగలగాలి, అది కూడా మూడు నెలల మాటే.

కింద కూర్చోవడం, బాసింపట్టు, నేల టాయిలెట్ ఎప్పటికి?

మెనిస్కస్ కుట్టినవాళ్లు నాలుగైదు నెలలు గొంతుక్కూర్చోకూడదు. పూర్తిగా వంగి బరువు వేస్తే కుట్లున్నచోటే నొక్కుకుంటుంది. ఏసీఎల్ ఒక్కటే అయితే కొంచెం ముందే మొదలవుతుంది. ఇంట్లో నేల టాయిలెట్టే ఉంటే ఆపరేషన్‌కు ముందే మధ్యలో రంధ్రమున్న కుర్చీ కొనిపెట్టండి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, పల్లెల నుంచి వచ్చేవాళ్లు మొదట బాధపడేది దీనికే, అడగడానికి సిగ్గుపడేదీ దీనికే.

ఆర్నెల్లయింది, నొప్పి లేదు. సంక్రాంతి టోర్నీలో ఆడొచ్చా?

వద్దు. కొత్త లిగమెంట్‌గా పెట్టిన తాడు (గ్రాఫ్ట్) మొదటి నెలల్లో లోపల మెత్తబడి, కొత్త రక్తనాళాలు పుట్టి, మెల్లగా లిగమెంట్‌గా మారుతుంది. నొప్పి లేకపోవడానికీ అది గట్టిపడడానికీ సంబంధం లేదు. కనీసం తొమ్మిది నెలలు ఆగండి. ఆ తర్వాత కూడా ఒంటికాలి మీద గెంతి కొలుస్తాం, తొడ బలం కొలుస్తాం. రెండో కాలితో పోలిస్తే 90 శాతమైనా రావాలి.

క్రికెటర్ రిషభ్ పంత్‌ను గుర్తు చేసుకోండి. 2022 డిసెంబరు 30న కారు ప్రమాదం, కొత్త ఏడాది మొదట్లో మోకాలి లిగమెంట్లకు ఆపరేషన్. మళ్లీ ఐపీఎల్‌లో దిగింది 2024 మార్చిలో. ఆ నెల 31న విశాఖలో చెన్నై మీద అర్ధసెంచరీ కొట్టినప్పుడు స్టేడియమంతా లేచి నిలబడింది. ఆయన దెబ్బ పెద్దదే, నిజం. కానీ దేశంలో దొరికే అన్ని వసతులూ ఉన్న మనిషికే పద్నాలుగు నెలలు పట్టింది. మీకు తొమ్మిది అడగడం ఎక్కువేం కాదు.

మాది పల్లె. ఫిజియో దగ్గరికి రోజూ రాలేను. ఇంట్లోనే చేసుకుంటే చాలా?

చాలు, పద్ధతిగా చేస్తే. పది పదిహేను రోజులకోసారి వచ్చి చూపించుకుని, తర్వాతి వ్యాయామాలు నేర్చుకుని వెళ్లండి. సామాన్లు ఇంట్లోనే ఉంటాయి. నునుపు గోడకు పాదం ఆనించి జారిస్తే మోకాలు వంగుతుంది. పడుకుని కాలు తిన్నగా ఎత్తడం తేలికయ్యాక అర కిలో పప్పు ప్యాకెట్ తువ్వాలులో చుట్టి తొడకు కట్టుకోండి, తర్వాత కిలో. భుజం కదపమన్నాక రెండు చేతులతో చేతికర్ర పట్టుకుని, బాగున్న చేత్తో రెండో చేతిని పైకి తోయండి. చేసిన ప్రతి పూటా క్యాలెండర్ మీద గీత పెట్టి, ఈసారి వచ్చేటప్పుడు ఆ కాగితం తీసుకురండి.